మూగబోయిన గుర్రం

మా కంప్యూటర్ గొంతు నా వల్లే పోయిందని ఇంట్లో తీర్మానం అయిపోయింది. ఆ తీర్మానం చేసిన మా జేజికి, అంటే మా నాయనమ్మకు గాని, దానికి తలూపిన మా నాయనకు గాని ఆ కంప్యూటర్‌ను ఆన్ చేయడం కూడా రాదు. మా అన్న వేణుమాధవ్‌కు వచ్చు. కాని ఇలాంటి సమయాల్లో వాడు నీళ్లు నములుతూ గోడవైపు చూసే రకం.

ఇది తొంభై ఏడులో, దసరా పోయిన తరువాతి సంగతి. ఆళ్లగడ్డ మెయిన్ రోడ్డు మీద మా నాయన సీతారాంకు ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. ముందు తరాల్లో అది కిరాణా అంగడి. మా తాత పోయాక నాయన పప్పుల మూటలు తీసేసి అచ్చు యంత్రం పెట్టించాడు. అంగడి వెనకే ఇల్లు. అటూ ఇటూ శిల్పుల షెడ్లు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఉలి దెబ్బలు వినిపిస్తూనే ఉంటాయి. కొత్తవాళ్లకు తలనొప్పి వస్తుంది. మాకు మాత్రం అమావాస్యకు వాళ్లు పని ఆపితే ఇల్లు బోసిపోయినట్టుండేది.

నంద్యాలలో సెకండ్ హ్యాండులో కొన్న కంప్యూటర్‌ను నాయన దేవుడి గది పక్క గదిలో పెట్టించాడు. ఇది మా ఇంటి లక్ష్మి అన్నాడు. ఆ గదిలోకి చెప్పులతో పోకూడదు. ఎంగిలి చేత్తో దాన్ని ముట్టుకోకూడదు. ఆయుధపూజ రోజు దానికి బొట్టు పెట్టి, మానిటర్‌కు బంతిపూల దండ వేసి, కీబోర్డు ముందు నిమ్మకాయ కోశారు. మర్యాదలన్నీ అందరూ కలిసి చేశారు. దానితో పని చేసేదాన్ని మాత్రం నేనొక్కదాన్నే.

ఎందుకంటే నంద్యాలలో కంప్యూటర్‌ను నడిపే డాస్ నేర్చుకున్నది నేను. నన్ను ఒంటరిగా పంపరు కాబట్టి అన్నను కూడా చేర్పించారు. ఇద్దరం శిరివెళ్ల మీదుగా బస్సులో పోయివచ్చేవాళ్లం. నేను క్లాసులో కూర్చునేదాన్ని. వాడు ఎదురుగా ఉన్న టీ అంగట్లో కూర్చుని నంద్యాలంతా స్నేహితులను సంపాదించుకున్నాడు. సర్టిఫికెట్ మాత్రం ఇద్దరికీ వచ్చింది.

కంప్యూటర్‌తో పాటు ఒక ఆట సీడీ కూడా వచ్చింది. గుర్రం మీద రౌతు గుహల్లోంచి దాటుకుంటూ పోవాలి. సగం గుహల్లో చీకటే. జంతువు ఏ వైపు నుంచి వస్తున్నదో కంటికి కనబడదు. ఎడమ స్పీకర్లో గుర్రుమంటే గుర్రాన్ని కుడికి తిప్పాలి. కుడి స్పీకర్లో గుర్రుమంటే ఎడమకు. చెవులు మూసుకుంటే మొదటి గుహలోనే చావు. శబ్దం లేకపోతే ఆ ఆట లేనట్టే. బిల్లు పుస్తకాల పని అయిపోయాక రోజూ కాసేపు నేను ఆ గుర్రం ఎక్కేదాన్ని. ఆ కాసేపూ నన్ను ఒద్దికగా కూర్చోమనేవాళ్లు ఎవరూ లేరు. అందుకే నాకది అంత ఇష్టం.

కార్తీకంలో ముహూర్తాలు దగ్గర పడుతున్నాయని, పెండ్లిపత్రికల కోసం నాయన తెలుగు కార్డు తెప్పించాడు. అప్పట్లో మా కంప్యూటర్లో తెలుగు కనబడాలంటే లోపల ఒక కార్డు బిగించాలి. దానితో పాటు ఒక ప్రోగ్రాం కూడా వేయాలి. కంప్యూటర్ ఆన్ కాగానే అది వచ్చి మెమొరీలో కూర్చుంటుంది. నంద్యాల శ్రీనివాస సెంటర్ దగ్గర రిపేరు అంగడి నడిపే దేవసహాయం వచ్చి అవన్నీ పెట్టి పోయాడు. తెర మీద ‘శ్రీరస్తు శుభమస్తు’ అని కనబడగానే నాయన చేతులు జోడించాడు. నాకూ ఒళ్లు పులకరించింది. కాదనను.

ఆ సాయంత్రమే నేను ఆట తెరిచాను. మెమొరీ చాలదని తెర మీద పడింది. నిన్నటిదాకా చాలింది ఈ రోజు ఎందుకు చాలదు? తెలుగు ప్రోగ్రాం వచ్చి కూర్చుంది కాబట్టి. ఆ పూటకు దాన్ని రాకుండా ఆపి కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేశాను. ఆట మొదలైంది. గుర్రం ముందు కాళ్లు పైకెత్తి సకిలించింది. ఆ సకిలింపు సగంలో ఇరుక్కుపోయింది. ‘హీ... హీ... హీ...’ అని అదే ముక్క మళ్లీ మళ్లీ. తెర కదలదు. ఏ బటన్ నొక్కినా పలకదు. ఎవరో గొంతు నులుముతుంటే ఏడ్చినట్టు ఆ శబ్దం ఇల్లంతా నిండింది.

దేవుడి గదిలోంచి జేజి పరుగెత్తుకొచ్చింది. “ఏందే అది? ఎవురే ఏడుస్తాండేది?”

స్విచ్ ఆపడానికి నేను లేచి అటు తిరిగాను. వెనక నిలబడిన అమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. “బిందూ, నీ లంగా...” అని ఆగిపోయింది. నాకే తెలియదు, అప్పుడే ముట్టయినట్టుంది. జేజి నా లంగా వైపు చూసింది. తరువాత కంప్యూటర్ వైపు చూసింది. అది ఇంకా ఏడుస్తూనే ఉంది. ఇంక ఆమెకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

“ముట్టు చేత్తో లక్ష్మిని ముట్టుకుంటివి కదే! అది ఏడవకుండా ఏం చేస్తాది?”

“జేజీ, అది కంప్యూటర్. దానికి ముట్టూ లేదు, మైలా లేదు.”

“నోరు మూసుకో. కండ్లారా చూసినదాన్ని చెప్తాండా. పదిహేనేండ్ల పిల్లగా ఈ ఇంటికి వచ్చినా. ఆ ఎండాకాలం తెలీక ముట్టుతో ఊరగాయ జాడీ ముట్టుకున్నా. వారం తిరగలే, జాడీ అంతా బూజు. మా అత్త నా చెంప పగలగొట్టె. ఇంగ ఆమె పొయ్యేదాకా ఆ జాడీల గదిలోకి నన్ను రానీలే. నాకు జరిగిందే నీకూ జరిగె.”

ఆ జాడీ కథ మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా జేజి లక్ష్మీనరసమ్మ చేయి పెట్టని పని ఆ ఇంట్లో లేదు, ఊరగాయ తప్ప. వేసవిలో అమ్మ ఊరగాయ కలుపుతుంటే జేజి దూరంగా పీట మీద కూర్చుని ఉప్పెంత, కారమెంత అని చెప్పేది. చేయి మాత్రం పెట్టేది కాదు. వడ్డించేది కూడా కాదు. “నా చేయి మంచిది కాదు” అనేది. కాలు నొప్పి అన్నంత మామూలుగా అనేది. మేమూ అంతే మామూలుగా వినేవాళ్లం.

నన్ను పెరట్లో తొట్టి పక్క గదికి పంపించారు. ఒక చాప, ఒక చెంబు, ఒక కంచం. మా ఇంట్లో ఆడవాళ్లందరూ నెలనెలా కూర్చున్న గది అది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

చెడిపోయినదాని ముందు కూర్చున్నప్పుడు ఒకటే అడగాలని నంద్యాలలో మాకు నేర్పించారు. ఎవరు ముట్టుకున్నారని కాదు. చెడక ముందుకూ చెడిన తరువాతకూ మధ్య ఏం మారింది? గోడకు ఆనుకుని నేను అదే ఆలోచించాను. నా ఒళ్లు ప్రతి నెలా మారుతుంది. అంతకు ముందు నెలలో కూడా నాకు తెలియకుండానే ముట్టయింది, అప్పుడు కూడా ఆ కుర్చీలోనే ఉన్నాను, అప్పుడు గుర్రం చక్కగా సకిలించింది. ఆ రోజు కొత్తగా వచ్చింది తెలుగు కార్డు ఒక్కటే.

ఇంతలో ఇంట్లో శుద్ధి జరిగింది. జేజి పసుపునీళ్లు కలిపి తెచ్చి కంప్యూటర్ మీద చల్లింది. అన్న అడ్డం పడబట్టి బతికింది గాని, లేకపోతే చెంబెడు నీళ్లూ కుమ్మరించేదే. కీబోర్డులో రెండు బటన్లు అతుక్కుపోయాయి. తరువాత అన్న కూడా నాలాగే తెలుగు ప్రోగ్రాం రాకుండా ఆపి ఆట తెరిచాడు. ‘హీ... హీ... హీ...’ అని పెరట్లోకి వినిపించింది.

నేను తలుపు దగ్గరికి వచ్చి గట్టిగా అరిచాను. “పసుపునీళ్లు చల్లితివి కదా జేజీ! మరి ఇంకా ఎందుకు ఏడుస్తాంది?”

“ఆ మైల అంత తొందరగా పోతాదా?” అని లోపలి నుంచి సమాధానం వచ్చింది. చల్లినా పోని మైల, కడిగినా పోని మైల. అలాంటి మైలతో వాదన ఎలా గెలుస్తాం?

నాలుగో రోజు తలంటుకుని ఇంట్లోకి వచ్చేసరికి కంప్యూటర్ గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి నాయన జేబులో ఉంది.

“పాపా, ఇంగ ఆ గదిలోకి నువ్వు పోవద్దు. కంపోజింగ్ మీ అన్న చూసుకుంటాడు” అన్నాడు నాయన.

“నేనేం చేసినా నాయనా?”

“నువ్వేం చేసినావని కాదులే. అది పెండ్లిపత్రికలు కొట్టే యంత్రం. ఊర్లో తెలిస్తే మన అంగడికి ఎవురన్నా వస్తారా? ఆ సౌండ్ కార్డు గూడ పీకించేస్తా. ఏడుపు లేకుండా పోతాది.”

మా నాయన చెడ్డవాడు కాదు. కాని ఎవరేమనుకుంటారో అనే భయం ఆయనకు ఆకలి కంటే ముందు వేస్తుంది. ఆ భయంతో నెలకు మూడు రోజుల మైలను నాకు ఏడాదంతా అంటగట్టాడు. నాకు బాగా అర్థమైంది. ఆ సౌండ్ కార్డును పీకేసి బయటపడేస్తే, నేనే చెడగొట్టానన్న మాట మా ఇంట్లో శాశ్వతంగా నిలిచిపోతుంది. జేజికి జాడీ కథ ఉన్నట్టే నాకు కంప్యూటర్ కథ ఉంటుంది. రేపు నా మేనకోడలికో, కూతురికో నేనే ఆ కథ చెబుతాను, “నా చేయి మంచిది కాదు” అని.

మర్నాడు పొద్దున్నే “నంద్యాలకు పోతాండా. అన్నను పంపితే పంపు, లేకుంటే ఒక్కదాన్నే పోతా” అని చెప్పి చెప్పులు వేసుకున్నాను. అన్న పరుగెత్తుకుంటూ వచ్చి బస్సెక్కాడు.

దేవసహాయం అంగడి నిండా పొట్ట విప్పిన కంప్యూటర్లు ఉన్నాయి. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. గుర్రం ఎక్కడ ఇరుక్కుంటున్నదో నోటితో చేసి వినిపించాను. అన్న సిగ్గుతో అటు తిరిగాడు.

“ఓ, అదా!” అన్నాడు దేవసహాయం. “చూడమ్మా, లోపలుండే కార్డుకు పని పడితే కంప్యూటర్‌ను పిలవల్ల. పిల్చేదానికి ఒక గంట ఉంటాది. గంటలకు నంబర్లు ఉంటాయి. మీ సౌండ్ కార్డుది ఐదో గంట. నేను పెట్టిన తెలుగు కార్డుది గూడ ఐదే. ఇద్దరూ ఒకే గంట కొడితే పిల్చింది ఎవురో కంప్యూటర్‌కు తెలీదు. గుర్రం సగం సకిలించి, మిగతా సగం ఇయ్యమని గంట కొడ్తాది. ఎవురూ పలకరు. అందుకే ఆ ముక్కనే పట్టుకొని అరుస్తాంటాది.”

“అయితే నేను ముట్టుకున్నందుకు కాదు కదన్నా?”

“ఏందమ్మా?”

నేను ఆ సంగతి కూడా చెప్పాను. అతను నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

“సౌండ్ కార్డును ఇంకో గంటకు మార్చకూడదా?” అని అడిగాను.

“తెలుగు కార్డు ఐదు వదిలి రాదు. సౌండ్ కార్డుకు ఇంగ మిగిలింది ఏడు. అది ప్రింటర్‌ది. దాని మీద పెట్టకూడదమ్మా, మళ్లా అదొక గొడవ. పీకేస్తే సరిపాయె. మీ నాయన గూడ నిన్న ఫోన్లో అదే చెప్పినాడు. పై వారం వస్తా.”

“సరే, ఈ గంట సంగతన్నా నువ్వు నాయనకు చెప్పు.”

“చెప్పొచ్చు గాని, మీ ఇంటి మైలల సంగతి నాకెందుకమ్మా? నేను కిరస్తానోన్ని. నేను మాట్లాడితే ఇంకోలా ఉంటాది.” అతను చెప్పింది నిజమే. నాకు కోపం వచ్చినా నిజమే.

ఇంటికి వచ్చి నేనే చెప్పాను. అన్న కూడా తడబడుతూ అవునవునన్నాడు. జేజి ఒప్పుకోలేదు. “ఇన్నాళ్లు లేని గంట ఆ పొద్దే యాడి నుంచి వచ్చె? ఆయప్ప తన తప్పు కప్పిపెట్టుకునేదానికి ఏందో ఒకటి చెప్పినాడు, ఇది నమ్మింది” అంది. నా దగ్గర మాట తప్ప రుజువు లేదు. రుజువు ఉన్న గదికి తాళం వేసి ఉంది.

దేవసహాయం పై వారం రాలేదు. పనుల్లో పడి ఆలస్యం చేశాడు. అన్న ఒక పత్రిక కంపోజ్ చేయడానికి ఒక రోజంతా తీసుకున్నాడు. నాయన లోపల గొణుక్కుంటూనే తాళం తీసి వాడిని కూర్చోబెట్టేవాడు, మళ్లీ తాళం వేసేవాడు. చివరికి ఒక పొద్దున, వస్తున్నానని దేవసహాయం కబురు పంపాడు. ఆ పొద్దునే నాకు మళ్లీ ముట్టయింది.

ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పకుండా ఊరుకోవచ్చు. అతను కంప్యూటర్ విప్పినప్పుడు నేనూ పక్కన నిలబడి, ఒకసారి నన్ను చేయనిమ్మని బతిమాలి, గుర్రాన్ని సకిలించేలా చేయొచ్చు. అది సులువైన దారి. కాని అలా చేస్తే జేజి ఏమంటుందో నాకు తెలుసు. మైల పోయింది కాబట్టి పలికింది అంటుంది. నేను గెలిచినా నేరం నా మీదే ఉంటుంది. అందుకే దాచకూడదనుకున్నాను.

దేవసహాయం వచ్చాడు. నాయన తాళం తీశాడు. అందరూ వసారాలో ఉన్నారు. నేను నడుచుకుంటూ వచ్చి అందరికీ వినబడేలా చెప్పాను. “నేను ఈ పొద్దు బయటుండా.”

దేవసహాయం తల దించుకుని సంచిలో ఏదో వెతుక్కున్నాడు. అమ్మ “అయ్యో” అంది. “ఉంటే పెరట్లోకి పో, ఈడికెందుకు వచ్చినావు?” అని జేజి ఒంటికాలి మీద లేచింది. అప్పటికే నేను గడప దాటి లోపలికి పోయి కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్నాను.

“సీతారామా! దాన్ని లేపురా!”

నాయన రెండడుగులు ముందుకు వేసి గడప దగ్గర ఆగిపోయాడు. నన్ను లేపాలంటే నన్ను ముట్టుకోవాలి. నన్ను ముట్టుకుంటే ఆయన మైలపడతాడు, తల మీద నీళ్లు పోసుకునేదాకా అంగట్లో అడుగు పెట్టలేడు. ముందు గదిలో పెండ్లిపత్రికల కోసం వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు. ఆయన అన్న వైపు చూశాడు. అన్న గోడవైపు చూశాడు. ఇన్నేళ్లూ నన్ను పెరట్లో కూర్చోబెట్టిన ఆచారమే ఆ పూట నాకు కాపలా కాసింది. నాకు నవ్వు ఆగలేదు.

“దేవసహాయమన్నా, స్క్రూడ్రైవర్ ఇయ్యి.”

అతను నాయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. “మళ్లా నన్ను అనొద్దప్పా” అంటూ లోపలికి వచ్చి నా చేతిలో పెట్టాడు.

వైర్లన్నీ పీకి మూత విప్పాను. లోపల కూడా పసుపు మరకలున్నాయి. సౌండ్ కార్డు మీద సూదుల వరస ఒకటి ఉంది. ఐదు, ఏడు అని పక్కన అంకెలున్నాయి. ఐదు దగ్గర రెండు సూదులకు కలిపి ఒక చిన్న నల్లటి టోపీ తొడిగి ఉంది. దాన్ని గోటితో పీకి ఏడు దగ్గర తొడిగాను. సౌండ్ కార్డుకు గంట మార్చడమంటే అంతే.

“ఏడు ప్రింటర్‌దమ్మా. చెప్పినా కదా” అన్నాడు దేవసహాయం.

“గుర్రం ఎక్కినప్పుడు పత్రికలు ఎవురు కొడతారన్నా? పత్రికలు కొట్టేటప్పుడు గుర్రం ఎవురు ఎక్కుతారు? రెండూ చేసేదాన్ని నేనొక్కదాన్నే.”

“అదీ నిజమే. చూద్దాం కానీ” అన్నాడు అతను.

వైర్లన్నీ మళ్లీ తగిలించాను. ఇక మెమొరీ. మా కంప్యూటర్లో దానికి కొదవ లేదు. కాని డాస్‌లో ప్రోగ్రాములు మా ఇంటికి వచ్చే చుట్టాల్లాంటివి. లోపల ఎన్ని గదులున్నా, పొమ్మని చెప్పకపోతే అందరూ ముందు వసారాలోనే కూర్చుంటారు. తెలుగు ప్రోగ్రాం అక్కడే, మౌస్‌ది అక్కడే, సీడీ డ్రైవ్‌ది అక్కడే. తరువాత వచ్చిన ఆటకు కాలు పెట్టే చోటు ఉండదు. కంప్యూటర్ ఆన్ కాగానే ఏం కావాలని అడిగేలా ఒక మెనూ రాశాను. ఒకటి నొక్కితే తెలుగు వస్తుంది. రెండు నొక్కితే తెలుగు రాకుండా ఆటకు చోటు ఇస్తుంది. రాసి, ఆపి, ఆన్ చేసి, రెండు నొక్కాను.

మెమొరీ చాలదని మళ్లీ పడింది.

“చూసినావా?” అంది జేజి గడప బయటి నుంచి. “నేను చెప్తే వింటివా? ఇప్పుడు మొత్తమే పాయె.”

నాయన ముఖం కందగడ్డలా ఉంది. నాకు ఇంకొక అవకాశం ఇంకెప్పుడూ రాదు. కళ్లు మూసుకుని మొదటి నుంచి మళ్లీ నన్ను నేనే అడిగాను, ఇంకా వసారాలో ఎవరు మిగిలారు? మౌస్. సీడీ డ్రైవ్. సీడీ లేకుండా ఆట నడవదు, కాబట్టి దాన్ని పంపేయలేను. కాని వసారాలోనే కూర్చోవాలని ఎక్కడుంది? పైన గదులు ఖాళీగా ఉన్నాయి. అంతకు ముందు ఆ రెండూ పైనే ఉండేవి, మెనూ కొత్తగా రాసేటప్పుడు పైకి పొమ్మనే మాట నేనే వదిలేశాను. ఆ రెండింటినీ పై మెమొరీలోకి పొమ్మని రెండు వరసలు మార్చాను. అతుక్కుపోయిన బటన్లను గోటితో లేపుకుంటూ టైపు చేశాను. మళ్లీ ఆపి ఆన్ చేశాను. శబ్దానికి ఏడో గంట అని ఆటకు చెప్పాను.

గుర్రం ముందు కాళ్లు పైకెత్తింది.

సకిలించింది. మొదటి నుంచి చివరిదాకా, ఊపిరి విడిచేదాకా పూర్తిగా సకిలించింది. తరువాత డెక్కల చప్పుడు. మొదటి గుహ చీకట్లో ఎడమ స్పీకర్ గుర్రుమంది. నేను గుర్రాన్ని కుడికి తిప్పి దాటేశాను. కావాలనే శబ్దం ఇంకా పెంచాను. పక్క షెడ్లో ఉలి దెబ్బలు కూడా ఆగి, ఎవరో “ఏందప్పా, గుర్రాన్ని కొన్నారా?” అని అరిచారు.

కంప్యూటర్‌ను మళ్లీ ఆపి, ఈసారి ఒకటి నొక్కాను. తెలుగు వచ్చింది. అన్న సగంలో వదిలేసిన పత్రిక తెరిచి ప్రింటర్‌కు ఇచ్చాను. కర్రు కర్రుమంటూ ‘శ్రీరస్తు శుభమస్తు’ బయటికి వచ్చింది. దాన్ని చింపి గడప దగ్గర పెట్టాను. “ముట్టు చేత్తో కొట్టినా నాయనా. ఎక్కడన్నా వంకర ఉందేమో చూడు.”

నాయన వంగలేదు. దేవసహాయం ఆ కాగితం తీసి చూసి “బాగుంది కదప్పా. పీకేదానికి ఏమీ ల్యా ఇంగ” అంటూ స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకున్నాడు.

జేజి గడప అవతల తలుపు చట్రం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె అరుస్తుందనుకున్నాను. అరిస్తే ఏమనాలో నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆమె అరవలేదు.

“బిందమ్మా, నిజంగానే బయటుండావా?”

“ఉండా జేజీ.”

“దానికి ఏమీ కాలే?”

“నువ్వే వింటివి కదా.”

“మరి నా జాడీ ఎందుకు చెడిపాయె?”

నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. నాకు నేర్పించింది ఒకటే ప్రశ్న, అదే అడిగాను. “ఆ ఏడాది జాడీలో కొత్తగా ఏం మారింది జేజీ? కాయలా? నూనెనా?”

“ఉప్పు” అంది జేజి. ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. “ఆ ఏడాది ఎండల్లో గాలివాన కొట్టె. అంగట్లో ఉప్పు మూటలు తడిసె. తడి ఉప్పు ఎవురూ కొనరని మా మామ ఇంటికి తెచ్చేసినాడు. ఈ ఉప్పు వద్దత్తా, ఊరగాయ నిలబడదు అని నేనే చెప్పినా. పారేసేదానికి ఊరికే వచ్చినాదా అనె ఆమె. ఆ ఉప్పే ఏసినారు.” ఆమె గొంతు పెరుగుతూ వచ్చింది. “ముందే చెప్పినా! నేనే చెప్పినా! అందురూ విన్నారు. మళ్లా బూజు పడితే అందురూ కలిసి నా ముట్టు మీద ఏసినారు.”

“అమ్మా, ఎప్పటిదో మాట, ఇప్పుడెందుకు...” అన్నాడు నాయన.

“నోరు మూయరా సీతారామా. ఎప్పటిదో మాట నీకు. చెంప నాది.”

జేజి చేయి చాపింది. “ఆ తాళంచెవి ఇయ్యి.” ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె గడప దాటి లోపలికి వచ్చి, నా చేయి పట్టుకుని, అరచేతిలో దాన్ని పెట్టి వేళ్లు మూసింది. నేను బయటున్న రోజుల్లో ఆమె నన్ను ముట్టుకోవడం నాకు తెలిసి అదే మొదటిసారి.

మధ్యాహ్నం నేను అందరితో పాటు వసారాలోనే కూర్చున్నాను. పెరట్లోకి పొమ్మని ఎవరూ అనలేదు. అమ్మ అన్నం వడ్డించి ఊరగాయ కోసం లేవబోతే జేజి ఆపింది. జాడీల గదిలోకి తానే పోయింది. జాడీ మూత తీసిన చప్పుడు వినబడింది. గరిటె తీసుకుపోలేదు. ఎర్రటి నూనె కారుతున్న చేత్తో వచ్చి నా కంచంలో ఒక ముక్క వేసింది, తన కంచంలో ఒకటి వేసుకుంది.

“బూజు పడితే పట్టనీ. చూస్తాం” అంది.

ఆ జాడీ వేసవి దాకా వచ్చింది.